తప్పదు అన్న మాట

ఈ తెర మళ్ళీ ఒక పక్కకి వాలింది, పోయినసారి కూడా ఇలాగే వాలితే ఆఫీసులో చెప్పాను, చెప్పడం నా వంతు, వినకపోవడం వాళ్ళ వంతు, అయినా తెర వంకరగా ఉన్నంత మాత్రాన దాని మీద పడే లెక్క వంకరైపోదు గదా, పిచ్చుక కూడా దాన్ని పట్టించుకోవడం లేదు, బోర్డు పక్కన నిలబడి నీళ్ళ సీసా మూత తిప్పి, తాగకుండానే మళ్ళీ బిగించింది, బల్ల వెనక నిలబడితే కనిపించదేమో అన్నంత చిన్న మనిషి, ల్యాబ్‌లో చేరిన వారానికే ఎవరో పిచ్చుక అన్నారు, అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు తనే పలకదు, నా దగ్గర పీహెచ్‌డీ చేసిన ఈ పిల్ల ఇవాళ తన పరిశోధనని నలుగురి ముందూ నిలబెట్టుకోవాలి, మొదటి వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఆయన బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు, ఆయన సరే అంటే పిచ్చుక వచ్చే నెలలో కొత్త ఉద్యోగంలో చేరుతుంది, ఊహూ అంటే థీసిస్ వెనక్కి వస్తుంది, ఆ ఉద్యోగం ఇంకొకరి పాలవుతుంది, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని పొద్దున కాఫీ దగ్గర మా హెడ్ నవ్వారు, చూద్దాం లెండి అన్నాను, పిచ్చుక ముక్కు ఎంత గట్టిదో నాకు తెలుసు, ఆ ముక్కుతో ముందుగా పొడిచింది నన్నే.

పొడవడమంటే పొడవడమే, ఎందుకంటే ఈ పిల్ల పడగొడుతున్న మాట నాది, నేను తన వయసులో ఉన్నప్పుడు రాసిన మాట, పెద్ద పటం ఒకటుందనుకుందాం, అందులో దారులు ఒక్కొక్కటే మూసుకుపోతూ ఉంటాయి, మూసుకున్న ప్రతిసారీ ఇక్కణ్ణుంచి అక్కడికి కొత్త దగ్గరి దారి చెప్పాలి, ఎంత తెలివిగా చేసినా ఏదో ఒక పటం మీద మొత్తం మళ్ళీ మొదటి నుంచి వెతకక తప్పదు అని రాశాను, రుజువు లేదు, ఊహ మాత్రమే అని కూడా రాశాను, కానీ ఎవరూ పడగొట్టలేకపోయారు, ఏళ్ళు గడిచేకొద్దీ ఊహ కాస్తా గోడై కూర్చుంది, దానికి ఆనించి ఎంతమంది ఇళ్ళు కట్టుకున్నారో, ఈ పరీక్షకుడు కూడా, ఆయన పేపర్లలో సగం ఆ ఊహ నిజమైతే అనే మొదలవుతాయి, సమావేశాల్లో అందరూ నన్ను తప్పదు మేడమ్ అంటారు, నాకూ అదో ముచ్చట, అలాంటిది ఈ పిల్ల చేరిన కొత్తలో నా గదికొచ్చి, తలుపు దగ్గరే నిలబడి, ఎందుకు తప్పదు మేడమ్ అని అడిగింది, ఇన్నేళ్ళూ ఎవరి వల్లా కాలేదు గదమ్మా అన్నాను, అది కారణం కాదు కదా మేడమ్ అంది, కోపం రావాలి, రాలేదు, కుర్చీ లాక్కుని కూర్చోమన్నాను.

ఇప్పుడు తెర మీద మజిలీల బొమ్మ వచ్చింది, పిచ్చుక ఉపాయమంతా అందులోనే ఉంది, పటంలో చీట్లు తీసినట్టు అక్కడక్కడ కొన్ని చోట్లు ఎంచి మజిలీలుగా పెట్టుకుంటుంది, వాటి మధ్య దారులు ముందే లెక్కకట్టి ఉంచుతుంది, ఏదైనా దారి మూసుకుంటే పక్క మజిలీ దాకా వెతికితే చాలు, పటమంతా తిరగనక్కర్లేదు, ఎంత తేలిగ్గా చెబుతోందో, అరటిపండు ఒలిచి చేతిలో పెడుతున్నట్టు, పోయిన నెల హెడ్ నా గదికొచ్చి, మీ మాటని మీ స్టూడెంటే కొట్టేస్తే ఏం బాగుంటుంది మేడమ్, కొన్ని సందర్భాల్లో అని ఒక ముక్క కలపమనండి అన్నారు, కలిపితే అబద్ధమవుతుంది సార్ అన్నాను, మా ఆయన పళ్ళ డాక్టరు, ఆయనైతే నిన్న భోజనాల దగ్గర, నీకేమీ అనిపించట్లేదా, నిజం చెప్పు అన్నాడు, ఏమీ లేదన్నాను, ఊడిన పన్ను చోటికి నాలుక పోకుండా ఉంటుందా అని నవ్వాడు, నా నాలుక పోదులే అన్నాను, అన్నాను గానీ ఈ బొమ్మ చూస్తున్నకొద్దీ అక్కడికే పోతోంది, చీట్లు తీసి ఎంచింది సరే, ఆ చోట్లు ఎవరికీ తెలియనంత వరకే కదా ఈ లెక్క, దారులు మూసే శత్రువొకడున్నాడనే ఇలాంటి లెక్కల్లో అనుకోవాలి, వాడు మన జవాబులు వింటూనే ఉంటాడు, సమానమైన దారులు రెండుంటే మనం మజిలీ మీదుగా పోయేదే చెబుతాం, అలాంటి జవాబులు కొన్ని వింటే చాలు, మజిలీ ఎక్కడుందో పసిగడతాడు, దాని చుట్టూ ఉన్న దారులన్నీ మూసేస్తాడు, అప్పుడు పటమంతా వెతకాలి, అప్పుడు, అప్పుడు తప్పదు.

గుండె ఒక్కసారి ఎగిరింది, గోడ పడలేదు, నిలబడే ఉంది, ఇంతసేపూ పెద్దమనిషిలా కూర్చున్న నేనేనా ఇలా గంతేసింది అని సిగ్గేసి తల దించుకున్నాను, ఇన్నాళ్ళూ ఇద్దరం ఇది చూడకుండా ఎలా ఉన్నాం, ఇప్పుడు లేచి చెబితే తన మాట కాపాడుకోవడానికి శిష్యురాల్నే ముంచింది అంటారు, అననీ, చెప్పకుండా ఊరుకుంటే నిలబడని లెక్క లోకంలోకి పోతుంది, అది నా చేతుల మీదుగా జరగదు, చెప్పాల్సిందే, అయితే కాసేపాగు, మజిలీలని ఒకేచోట ఉంచకుండా మెల్లమెల్లగా మారుస్తూ పోతే, వాడు పసిగట్టేలోపే అవి అక్కణ్ణుంచి లేచిపోతే, అవును, రుజువు పొడుగవుతుంది, రెండు మూడు పేజీలు పడుతుంది, అయినా నిలుస్తుంది, గోడ మళ్ళీ కూలింది, ఈసారి కూల్చింది నేనే, విచిత్రం, గుండె మళ్ళీ అలాగే ఎగిరింది, ఎందుకో ఆలోచించే తీరిక లేదు, పరీక్షకుడు చెయ్యెత్తాడు.

ఒక్క నిమిషం అమ్మా, మీ జవాబులు వింటూ మీ మజిలీలు ఎక్కడున్నాయో నేను కనిపెట్టేస్తే ఏం చేస్తారు అన్నాడు, ఊరికే బ్రహ్మాస్త్రం అనలేదు మా హెడ్, పిచ్చుక బోర్డు వైపు తిరిగింది, హెడ్ నా వైపు వంగి, మేడమ్, మీరేమైనా అందుకుంటారా అన్నారు, పరీక్షకుడు కూడా వెనక్కి తిరిగి, గైడ్ గారు చెప్పినా నాకేం అభ్యంతరం లేదు అన్నాడు, మాట నాలుక చివర ఉంది, చెప్పేస్తే థీసిస్ గట్టెక్కుతుంది, ఉద్యోగం దక్కుతుంది, కానీ పిచ్చుక నా వైపు చూడటం లేదు, కింది పెదవి పంటితో నొక్కిపట్టి బోర్డునే చూస్తోంది, ఆ చూపు నాకు తెలుసు, ఆ చూపు పడ్డాక పక్కన పిడుగు పడినా తనకి వినపడదు, ఆలోచిస్తోంది సార్, ఆలోచించనివ్వండి అన్నాను, హెడ్ ముఖం మాడింది, తనకి తట్టకపోతే ఎలా, ఏమిటి నా పొగరు, ఒక పిల్ల బతుకుతో పందెమా అని లోపల ఎవరో అడిగారు, తడుతుంది అని వాళ్ళకే జవాబు చెప్పాను, నాకు ఇన్నేళ్ళుగా తట్టనిది తనకి తట్టింది, ఇది తట్టదా, చేతులు కట్టుకుని వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.

పిచ్చుక మార్కర్ తీసుకుని బోర్డు మీద ఒక్క వాక్యం రాసింది, ఒకే ఒక్కటి, సమానమైన దారులుంటే, పటంలో దారులకి ముందే వేసుకున్న నంబర్లలో చిన్న నంబరున్నదే చెప్తాం సార్, ప్రతిసారీ అదే, మజిలీలు ఎక్కడ పెట్టుకున్నా బయటికొచ్చే జవాబు మారదు, ఇంక జవాబు విని మజిలీల్ని ఎలా కనిపెడతారు అంది, పరీక్షకుడు కాలు కిందికి దించాడు, లేచి బోర్డు దగ్గరికెళ్ళి ఆ వాక్యాన్ని వేలు పెట్టి చదువుకున్నాడు, చాలాసేపు చదువుకున్నాడు, అయితే నా పేపర్లు సగం పోయినట్టేనమ్మా అన్నాడు, పోలేదు సార్, మళ్ళీ రాసుకోవాలంతే అంది పిచ్చుక, ముందు ఆయనే నవ్వాడు, తర్వాత గదంతా నవ్వింది, ఈ వాక్యం థీసిస్‌లో చేర్చండి, నాకు ఇంకేం ప్రశ్నల్లేవు అని ఆయన కూర్చున్నాడు, హెడ్ ఊపిరి పీల్చుకుని నా చెయ్యి ఊపేస్తున్నారు, నా చూపు మాత్రం ఆ వాక్యం మీదే ఉంది, నా రెండు మూడు పేజీలూ దండగ, ఇంత దగ్గరి దారి పక్కనే ఉంటే నేను ఊరంతా చుట్టొచ్చాను, గుండె మూడోసారి ఎగిరింది, ఈసారి తీరిగ్గా దాన్ని చూసుకున్నాను, మొదటిసారి ఎగిరితే స్వార్థం అనుకుని సిగ్గుపడ్డాను, రెండోసారి ఆలోచించే తీరిక లేదు గానీ, ఉంటే నా గొప్పతనం కాబోలనుకునేదాన్ని, ఈసారి అందులో నాదంటూ ఏదీ లేదు, నా గోడ లేదు, నా మరమ్మతూ లేదు, అయినా అంతే ఎత్తు ఎగిరింది, ఆవగింజంత కూడా తగ్గలేదు, అంటే మూడూ ఒకే సంతోషం, ఇంతసేపూ కనపడనిది ఇప్పుడు కనపడిందన్న సంతోషం, ఇన్నేళ్ళుగా నన్ను ఈ పనిలో పట్టి ఉంచింది ఇదొక్కటే, నాదా, తనదా అని అది ఒక్కసారి కూడా అడగలేదు.