‘అనే’ తర్వాతి మాట

ఢిల్లీలో కేంద్రమంత్రిగా ప్రమాణం చేయాల్సిన రోజు పొద్దున్నే, అతిథి గృహంలో మొహం కడుక్కుంటుండగా, సనపల తవిటినాయుడి నోట్లో ‘నేను’ అన్న మాట కనిపించదు. నాలుకతో తడిమి చూసుకుంటాడు. పన్ను ఊడినచోట ఉన్నట్టే మెత్తగా, ఖాళీగా ఉంది. అద్దం ముందు బనియనుతో నిలబడి, “సనపల తవిటినాయుడు అనే...” అంటాడు. అక్కడితో ఆగిపోతుంది.

ఆయన కంగారుపడడు. మాటలు పోవడం ఆయనకు కొత్తేమీ కాదు. మాట ఇవ్వడమంటే ఇచ్చేయడమే మరి. సర్పంచిగా ఉన్నప్పుడు ‘వీధిలైటు’ ఇచ్చాడు, ఎవరో ముసలాయన తువ్వాలులో మూటగట్టుకుని పోయాడు. ఎమ్మెల్యే అయ్యాక ‘ఆసుపత్రి’, ‘వంతెన’ ఇచ్చాడు. రాష్ట్ర మంత్రి అయ్యాక ఒక్క సభలోనే ‘నీళ్లు’ ఇచ్చేశాడు. పని జరిగితే మాట తిరిగి నోటికి వచ్చేస్తుంది, జరగకపోతే తీసుకున్నవాళ్ల ఇంట్లోనే ఉండిపోతుంది. ఆయన మాటలు చాలామటుకు ఇంకా జనం ఇళ్లలోనే ఉన్నాయి. దాహమేస్తే బొటనవేలు నోటికి చూపిస్తాడు.

మాటలు తగ్గేకొద్దీ ఆయన పెద్దవాడవుతూ వచ్చాడు, అదీ చిత్రం. అసెంబ్లీలో లోతైన మనిషన్నారు. పార్లమెంటుకు వెళ్లాక గంభీరమైన మనిషన్నారు. నోట్లో నాలుక లేనివాడు, ఎవరికీ అడ్డు రాడు అని ఢిల్లీ పెద్దలు ముచ్చటపడి ఇప్పుడు మంత్రిని చేస్తున్నారు. కానీ ప్రమాణంలో ‘అనే’ తర్వాత ‘నేను’ అనకపోతే పదవి రాదు. అది అనగలిగినవాళ్లు బయట వరండాలో బారులు తీరి కూర్చున్నారు.

ఎవరో కొట్టేశారు, సందేహం లేదు. ముందు పీఏ విశ్వేశ్వరాన్ని పిలుస్తాడు.

“మాట ఒకటి పోయింది. ఎక్కడ పెట్టాను?” అంటాడు. క్రియ చివర అంటుకున్న ‘ను’ ముక్క మాత్రం ఇంకా మిగిలింది. దాంతో ప్రమాణం చేయనివ్వరు. దాంతో సొంత కథైనా చెప్పుకోలేడు పాపం, అందుకే మనం చెప్పాల్సి వస్తోంది.

విశ్వేశ్వరం వెంటనే బుగ్గ తడుముకుంటాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కదా. నాయుడు అతన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, నోరు తెరిపించి, టార్చి వేసి చూస్తాడు. లోపల దవడ పక్కన ‘నేను’ ఒకటి నక్కి ఉంది.

“అది నాదే సార్. కావాలంటే ఇద్దును గానీ, చిన్న సైజు. మీ నోటికి లూజైపోతుంది.”

అడక్కుండానే ఎందుకు ఇస్తానంటున్నాడో నాయుడికి అర్థం కాదు. అనుమానం ఇంకాస్త ముదురుతుంది.

భార్య హేమావతి తెల్ల చొక్కా, ఇస్త్రీ కండువా తెచ్చి కుర్చీకి తగిలిస్తూ, “నేను నిన్ననే చెప్పాను, నేను చెబితే మీరు వినరు,” అంటుంది. ఒక్క వాక్యంలో రెండు నేనులు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందులో ఒకటి తనదేమోనని నాయుడు ఆమె చేత మళ్లీ అనిపించుకుని, వాటిని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. కాదు, రెండూ పుట్టింటినుంచి తెచ్చుకున్నవే. ఆయనకు కొంచెం నిరాశగా ఉంటుంది.

“బాగా గుర్తు చేసుకోండి సార్,” అంటాడు విశ్వేశ్వరం. “ఎవరికైనా ‘నేనున్నాను’ అన్నారా?”

పరామర్శలకు ఎన్నిచోట్లకు వెళ్లలేదు గనుక. అయినా ఆయన జాగ్రత్తపరుడు. అన్నిచోట్లా ‘ప్రభుత్వం ఉంది’, ‘పార్టీ అండగా ఉంటుంది’ అనే చెప్పాడు. ఒక్కచోట తప్ప. మొట్టమొదటిసారి ఎమ్మెల్యేకి నిలబడ్డప్పుడు, పడవలపేట దగ్గర ఏట్లో పడవ తిరగబడి పారమ్మ మొగుడు మునిగిపోయాడు. నాయుడు బురదలో ఆమె పక్కన కూలబడి ఆ మాటే అన్నాడు. ఏడ్చాడు కూడా, నిజంగానే ఏడ్చాడు. అప్పటికి కెమెరాలేవీ రాలేదు.

పారమ్మను అడిగి తెచ్చుకోవాలి, అంతే. బనియనుతోనే వరండాలోకి వస్తాడు. వరండా పొద్దుటికంటే పొడుగైంది. అటూ ఇటూ కూర్చున్న ఆశావహులు ఆయన నోటివైపే చూస్తున్నారు. ఆయన పెదాలు బిగించుకుని నడుస్తాడు. నడుస్తుంటే గచ్చు ఇసుకవుతుంది, స్తంభాలు సరుగుడు చెట్లవుతాయి, వరండా చివర ఏరు వస్తుంది. అవతలి ఒడ్డున పడవలపేట.

ఏటి మీద ‘వంతెన’ అన్న మాట అడ్డంగా పరిచి ఉంది. తానిచ్చిందే. ఎండకు వెలిసింది గానీ అక్షరాలు గట్టివి. జనం దాని మీదే నడుస్తున్నారు. గడ్డిమోపుతో ఎదురొచ్చిన మనిషి ఒకడు ఆగుతాడు.

“బాబూ, సున్నా కాడ జాగర్త. కాలు దిగిపోద్ది.”

నాయుడు ‘వ’ మీదనుంచి ‘తె’ మీదికి అంగ వేస్తాడు. మధ్యలో సున్నా, అందులో నీళ్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. కంట్రాక్టరు మీద అనుమానం వస్తుంది. కానీ ఇక్కడికి ఏ కంట్రాక్టరూ రాలేదు.

పారమ్మ ఇంటి అరుగు మీద ఒక మనిషి వల అల్లుతున్నాడు. నల్లటి మీసం, బురద కాళ్లు, అచ్చం నాయుడి మొహం.

“మా తమ్ముడు,” అంటుంది పారమ్మ గుమ్మంలోకి వచ్చి. “ఆ రోజు నువ్వు జీపెక్కి ఎలిపోనావు. ఈడు ఉండిపోనాడు. మా ఇంటాయనకి కాష్టం పేర్సింది ఈడే, ఇంటి కప్పు నేసిందీ ఈడే. జొరమొస్తే నన్ను బుజానేసుకుని ఏరు దాటిస్తాడు.”

“ఆ రోజిచ్చిన మాట కావాలి,” అంటాడు నాయుడు. “ఈ పూటే కావాలి. ప్రమాణంలో ‘అనే’ తర్వాత అది అనాలి.”

“‘నేను’ అన్నదా?” పారమ్మ కొంగు విప్పి చూసి మళ్లీ ముడేస్తుంది. “అలాటి మాట నాకాడ నేదు. నువ్వు నాకిచ్చింది ‘నాను’. నానున్నానప్పా అన్నావు.”

అప్పుడు గుర్తొస్తుంది ఆయనకు. ఇక్కడ పుట్టి పెరిగిన నోరు అక్కను ‘అప్ప’ అంటుంది, ‘నేను’ను ‘నాను’ అనే అంటుంది. అసెంబ్లీలో మొదటిరోజు ఆ మాట నోటికి రాక ‘నా... నా...’ అంటే వెనక బెంచీలు నవ్వాయి. ఆ సాయంత్రమే ఎవరిదో ‘నేను’ చూసి అతికించుకున్నాడు. పొద్దున్న ఊడిపోయింది ఆ అతుకు. అసలుది ఈ అరుగు మీద కూర్చుని వల అల్లుతోంది. ఆయనకు సిగ్గేస్తుంది, ఆ బురద కాళ్లు చూస్తే ఏడుపూ వస్తుంది.

“వస్తావా?” అని ఆ మనిషినే అడుగుతాడు.

“ఎక్కడికి?”

“ఢిల్లీకి. ‘అనే’ తర్వాత ఒక్క క్షణం నిలబడితే చాలు.”

“వొస్తాను. నోరు తెరువు, ఎక్కి కూకుంటాను. మరింక దిగను. అప్పని ఒగ్గను కూడా. ఆవిడికి ఏటి కావాలన్నా నువ్వే రావాల.”

నాయుడి చూపు మారిపోతుంది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడేం? దిగనంటాడేం? రేపు తన కుర్చీలో తనకంటే ముందే కూర్చుంటే?

“నీ వెనక ఎవరున్నారు?”

ఆ మనిషి వెనక్కి తిరిగి చూస్తాడు. “పారమ్మప్ప ఉంది.”

“ఇంకా?”

“గోడుంది.”

గోడకు టీవీ ఉంది. అందులో ప్రమాణ సభ అప్పుడే మొదలైపోయింది. తెల్ల చొక్కా, ఇస్త్రీ కండువా లోపల మనిషి లేకుండానే మైకు దగ్గరికి నడుస్తాయి. “సనపల తవిటినాయుడు అనే...” అని చొక్కా ఆగుతుంది. సభంతా ఎదురుచూస్తుంది.

“టైమైపోతంది. నోరు తెరువు,” అంటాడా మనిషి.

నాయుడు నోరు రెండు చేతులతో మూసుకుని పరుగు తీస్తాడు. ఈ ఎత్తులు ఆయనకు తెలియనివా? వంతెన ఎక్కుతాడు, ‘న’ దాటుతాడు, ‘తె’ దాటుతాడు, తొందరలో సున్నా సంగతి మరిచిపోతాడు. చంకల దాకా దిగిపోతాడు. కొలత తీసి కుట్టించినట్టు ఒళ్లు అందులో సరిపోతుంది. పైకి రాడు, కిందికి పోడు. దాహమేస్తుంది. ఛాతీ చుట్టూ తిరుగుతున్నదాన్ని ఏమంటారో చెప్పడానికి ఆయనకు నోరు తిరగదు.

గడ్డిమోపు మనిషి తిరిగొస్తూ ఆయన భుజం మీద కాలు వేసి దాటుతాడు. “ఇప్పుడు గట్టిగుంది,” అంటాడు వెనకవాళ్లతో. వెనకవాళ్లు రావడం మొదలుపెడతారు. వాళ్లలో పారమ్మ కూడా ఉంది, ఆమె మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటుంది.

ఆమె పక్కనున్న మనిషి వంగి, బురద చెయ్యి చాపుతాడు. “పడిపోనావా? నానున్నాను. పట్టుకో.”

ఒడ్డునుంచి టీవీ వినిపిస్తోంది. “అనే... అనే...” అంటోంది చొక్కా.

నాయుడు ఆ చెయ్యి చూస్తాడు. వీడికెందుకింత ఆత్రం? తన చేతులు రెండూ లోపలికి లాక్కుని నడుముకు అదుముకుంటాడు. జనం ఒక్కొక్కరే తన మీదుగా దాటిపోతుంటే, ఈ సున్నాను సరిగ్గా తన కొలతకే కోయించిందెవరా అని ఆలోచిస్తూ ఉంటాడు.