దాదాబీ ఎత్తు

తెల్లారి చీర కట్టుకునేటప్పుడు దాదాబీకి ఒకటే చిరాకు. పోయిన నెల సరిపోయిన చీర ఈ నెల పాదాల కింద పడుతుంది. నడుం దగ్గర ఇంకో మడత దోపి, దోపినచోట ఉబ్బెత్తుగా కనబడుతుందని కొంగు దాని మీదికి లాక్కుని, సద్దిమూట పట్టుకుని బయల్దేరుతుంది. గుమ్మఘట్ట రోడ్డు మీద జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డు ఒకటి ఉంది. కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. పోయేటప్పుడు కాస్త, వచ్చేటప్పుడు కాస్త ఎత్తు రోడ్డుకు కట్టేసి సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఊళ్ళో నడిచేవాళ్ళంతా కట్టేదే ఆమె కూడా కట్టేది.

ఇదివరకు రోడ్డు ఖర్చంతా పెట్రోలు, డీజిలే మోసేవి. బండిలో పోయించుకున్న ప్రతి చుక్కలోనూ రోడ్డుకింత అని వాటా ఉండేది, ఎవరికీ పెద్దగా నొప్పి తెలిసేది కాదు. తర్వాత ఆటోలు, మోటారు సైకిళ్ళు కరెంటుకు మారాయి. సోమందేపల్లె దగ్గర పెద్ద రోడ్డు మీదున్న బంకులే ఈగలు తోలుకుంటున్నాయంటే ఇక గుమ్మఘట్ట సంగతి చెప్పాలా? రోడ్డు నిండా గుంతలు పడ్డాయి. పైవాళ్ళు కూర్చుని ఆలోచించారు. తిరిగిన దూరాన్ని బట్టి బండ్ల మీద పన్ను వేద్దామంటే లారీల సంఘం చక్రాలు ఆపేసింది. మోసే బరువును బట్టి వేద్దామంటే గాలిమరల కంపెనీ అడ్డం తిరిగింది. ఆ గాలిమర రెక్క ఒక్కోటి వీధంత పొడవు, దాన్ని మోసుకుంటూ ట్రెయిలరు పోయిన రోజు రోడ్డు అప్పడంలా విరిగేది. అయినా గాలి నుంచి కరెంటు తీసే పుణ్యాత్ములం, మా మీద పన్నేమిటి అన్నారు వాళ్ళు. నిజమే కదా అని మాఫీ చేశారు. చివరికి మిగిలింది కాళ్ళతో నడిచేవాళ్ళు. వాళ్ళకు సంఘం లేదు. దుడ్లూ లేవు. ఒంటి మీద ఎత్తొక్కటే కనబడింది కాబట్టి రోడ్డు దాన్ని తీసుకోవడం మొదలుపెట్టింది.

తీసుకున్న ఎత్తును రోడ్డు వృథా చేయలేదు. గుంతలు పూడ్చుకుంది, విరిగిన అంచులు కట్టుకుంది, మిగిలినదాంతో తనూ కొంచెం కొంచెం పైకి లేచింది. ఇటు మనుషులు కిందికి దిగారు. గొర్ల గురప్ప రోడ్డు మీద తోలే మేకలకూ కాళ్ళు కురచై పొదుగులు నేలకు రాసుకుంటున్నాయని వాటికి గుడ్డ సంచులు కట్టాడు. బళ్ళో బెంచీల కాళ్ళు కోయించారు. "ఏమప్పా, బాగా తగ్గినావే" అనేది ఊళ్ళో మామూలు పలకరింపయింది.

అందరికంటే ముందు తగ్గింది దాదాబీ మొగుడు మస్తాన్ వలి. దూది మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టే మనిషి, ఆయన నడిచినంత ఆ మండలంలో ఎవరూ నడవలేదు. ఇప్పుడు కుర్చీ ఎక్కాలంటే చేతులు పట్టుకుని పాకాలి. నోరు మాత్రం తగ్గలేదు.

"ఒక పరుపు దూదితో రెండు పరుపులొస్తాండాయి," అనేవాడు అరుగు మీద కూర్చుని. "పొట్టోనికి పుట్టెడు బుద్ధులంట. ఇంగ మన ఊర్లో బుద్ధికేం కరువు?"

వాళ్ళకు ఒక్కతే కూతురు, హసీనా. పోలీసు ఉద్యోగం ఆ పిల్ల పంతం. వర్షం చూసి నాలుగేళ్ళయిన ఊళ్ళో చేను ఉన్నా లేనట్టే, నెల పుట్టేసరికి చేతిలో పడే జీతం ఒక్కటే నికరమని ఆమెకు చిన్నప్పుడే తెలిసిపోయింది. ఎంపికలో ఎత్తు కొలుస్తారు, పరుగూ ఉంటుంది. ఊరి చుట్టూ ఉన్నదంతా రాళ్ళు, ముళ్ళు. చదునైన నేలంటే ఆ తారొక్కటే. పరిగెత్తితే కాళ్ళు రోడ్డుకు తగిలేది తక్కువ కాబట్టి పన్నూ తక్కువేనని ఊళ్ళో కుర్రాళ్ళంతా నమ్మారు. హసీనా కూడా నమ్మి రోజూ పొద్దున్నే పరుగు పెట్టింది.

ఎంపికకు ఇంకా ఆర్నెల్లుందనగా దాదాబీ కూతుర్ని గోడకానించి, నెత్తి మీద అట్టముక్క పెట్టి బొగ్గుతో గీత గీసింది. పాత గీతకు కిందుగా పడింది అది.

"ఇంగ గోరంత తగ్గినా నన్ను గేటు కాడే పంపిచ్చేస్తారమ్మా," అంది హసీనా.

"అయితే పరిగెత్తేది మానుకో."

"మానుకుంటే పరుగులో పోతా. మానుకోకుంటే ఎత్తులో పోతా. యాడ పోవల్లో నువ్వే చెప్పు."

మర్నాడు దాదాబీ పనికి పోకుండా గ్రామ సచివాలయానికి పోయింది. ఇంట్లో ఒకరి నడకను ఇంకొకరి లెక్కలో వేసుకునే వీలుంది. ముసలివాళ్ళ కోసం పెట్టిన దయగల నిబంధన అది. అక్కడ పనిచేసే ఉదయ్ కుమార్ వేలిముద్రల మిషను ముందుకు జరుపుతూ జంకాడు.

"ఆలోచించుకో అక్కా. నడిచేదానికంటే పరిగెత్తేదానికి మూడింతలు పడుతుంది. పిల్ల పరిగెత్తినంతా నీ ఒంట్లోంచి పోతాది."

"ఉద్యోగమొస్తాది గదా?"

"అది నేనెట్ల చెప్తానక్కా?"

"అయితే నోరు మూసుకుని మిషను ఇటు పెట్టు," అని దాదాబీ బొటనవేలు నొక్కింది.

సంగతి తెలిసి మస్తాన్ వలి మొదటిసారి నవ్వకుండా మాట్లాడాడు. "నా మీద వేసుండొచ్చు గదే."

"నీ మీద ఇంగ ఏముండాదని? ఇంకొంచెం తగ్గితే దూదిలో కలిసిపోతావు, వెతుక్కోలేక సావల్ల," అంది ఆమె. ఆయన మొహం తిప్పుకున్నాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున హసీనా పరిగెడుతుంటే ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్న దాదాబీకి ఒంట్లోంచి ఎవరో దారం లాగుతున్నట్టుండేది. ఆ లాగుడును బట్టి పిల్ల ఎక్కడిదాకా పోయిందో చెప్పేది. "వంక మీద బ్రిడ్జి దాటింది," అనేది మొగుడితో. "ఈ పొద్దు ఇంకా ముందుకు పోతాండాది చూడు." ఆ గొంతులో గర్వం దాగేది కాదు. కూతురు బాగా పరిగెత్తిన రోజు తల్లికి చిలక్కొయ్య అందేది కాదు, అంతే. మొదట్లో హసీనా పరుగు నుంచి వచ్చి తల్లిని పట్టుకుని ఏడ్చేది. పరుగు వేగం పెరిగేకొద్దీ ఏడుపు తగ్గింది. ఆఖరి నెలలో ఇంటికొచ్చాక తల్లి వైపు చూడకుండా నేరుగా నీళ్ళ తొట్టి దగ్గరికి పోయేది.

ఎంపికలో కొలత కర్ర హసీనా నెత్తికి సరిగ్గా ఆనింది. పరుగులో ఆమెను మించినవాళ్ళు లేరు. శిక్షణ అయి, ఉద్యోగం చీటీ చేతికొచ్చి ఇంటికి వచ్చిన రోజు ఆమె గడపలో నిలబడిపోయింది. దాదాబీ ఆమె నడుం దాకా వచ్చింది. హసీనా మోకాళ్ళ మీద కూర్చుని తల్లిని కావలించుకుని, బిగ్గరగా, వీధంతా వినబడేలా ఏడ్చింది.

"నా మీద ఒట్టెయ్యమ్మా. ఇంగ తారు తొక్కొద్దు. పక్కన మట్టిలో నడువు. ముళ్ళున్నా మట్టిలోనే నడువు."

"నడుస్తాలే."

"ఇంకొంచెం తగ్గితే పొయ్యి మీద కుండ గూడా అందదు నీకు."

దాదాబీ ఒట్టేసింది. ఆమె ఒక్కతే కాదు, అప్పటికి చాలామంది మట్టి బాట పట్టారు. రోడ్డుకు తిండి తగ్గి మళ్ళీ గుంతలు లేచాయి. గాలిమరల కంపెనీ తమ రెక్కలు దెబ్బతింటున్నాయని పైవాళ్ళకు చెప్పుకుంది. దాంతో రోడ్ల మీద పోలీసులను పెట్టారు. మట్టిలో దొరికినవాణ్ణి తారెక్కించి, వెనక్కి, వాడు బయల్దేరినచోటి మైలురాయి దాకా పంపి, అక్కణ్ణుంచి మళ్ళీ నడిపించాలి. కొత్తగా చేరినవాళ్ళకే ఆ డ్యూటీలన్నీ పడ్డాయి. దేవేంద్ర అనే కానిస్టేబులు తన మేనమామను చూసీ చూడనట్టు వదిలేశాడని ఇన్‌స్పెక్టరు అందరి ముందూ అతని టోపీ, బెల్టు ఊడదీయించి ఇంటికి పంపించాడు.

అది జరిగిన మరుసటి వారం, సాయంత్రం పూట దాదాబీ షెడ్డు నుంచి మట్టిలో వస్తోంది. రోడ్డు అంచు ఆమె గుండెల దాకా ఉంది. వెనక జీపు ఆగిన చప్పుడయింది. బూట్లు మట్టిలోకి దూకాయి. తలెత్తి చూస్తే హసీనా.

"నిన్ను ఈ రోడ్డుకే ఎందుకేసినారే?" అంది దాదాబీ మెల్లగా.

"పొద్దున్నే మార్చినారమ్మా. నాకూ తెలీదు."

"అమ్మా అనొద్దు. ఆయప్ప చూస్తాండాడు."

జీపులోంచి ఇన్‌స్పెక్టరు మైకులో అరిచాడు. "ఎవరది? పాపనా, పెద్దామెనా? పాపైతే వదిలెయ్. పదేండ్ల లోపు పిల్లలకు మాఫీ ఉండాది."

దాదాబీ జీపుకు వీపు పెట్టి, కొంగు నెత్తి మీంచి మొహం మీదికి లాక్కుంది. అక్కణ్ణుంచి చూస్తే చీర చుట్టుకుని ఆడుకుంటున్న పిల్లే తప్ప ఇంకెవరూ కాదు. ముడతలు పడ్డ మొహం హసీనా ఒక్కదానికే కనబడుతోంది. ఒక్క మాట చాలు. పాప సార్, అంటే చాలు, జీపు కదిలిపోతుంది.

హసీనా తల్లిని చూసింది. జీపును చూసింది. ఆయన దిగి రాడని ఏముంది? కొంగు తీయమంటే? నెల పుట్టేసరికి పడే జీతం, రోజూ పరిగెత్తిన పరుగు, దేవేంద్ర ఊడిన బెల్టు పట్టుకుని రోడ్డు పక్కన నడిచిపోవడం, అన్నీ ఆ పిల్ల కళ్ళలో వరసగా కదలడం దాదాబీకి కనబడింది. కన్నబిడ్డ మొహం చదవడానికి తల్లికి ఎంతసేపు పడుతుంది? కూతురు నోరు తెరవకముందే జవాబు తెలిసిపోయింది ఆమెకు.

"పెద్దామె సార్," అంది హసీనా, గట్టిగా.

"అయితే తారెక్కించి వెనక్కి తోలు."

దాదాబీ మొహం మీది కొంగు తీసేసింది. ఇక దాచుకోవాల్సిందేమీ లేదు. రోడ్డు అంచు మీద చేతులు ఆనించి ఎక్కబోయింది. కాళ్ళు జారాయి. మళ్ళీ ప్రయత్నించి, ఆగి, కూతురి వైపు తిరిగి రెండు చేతులూ పైకి చాచింది.

"నాకందదు. పైన పెట్టు."

హసీనా వంగి, తల్లి చంకల కింద చేతులు వేసి, లేపి తారు మీద నిలబెట్టింది. జీపులోంచి చూస్తున్నారని చేతులు వెంటనే తీసేసింది. దాదాబీ వెనక్కి, షెడ్డు దగ్గరి మైలురాయి వైపు తిరిగి నడక మొదలుపెట్టింది. వెనక మట్టిలో ఇంకో మనిషి వస్తూ కనబడితే హసీనా అటు తిరిగి విజిలు ఊదింది.