యశోదకు ఇరవై రెండు నోళ్లు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రామచంద్రం ఉతికిన బనీను వేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. సిరిసిల్లలో ముప్ఫై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్న మనిషి. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు.

మూడేళ్లపాటు రోజూ సాయంత్రం వచ్చిన ‘ఆకాశ మజిలీ’ సీరియల్‌ను అతను ఒక్కరోజు కూడా తప్పించలేదు. అంతరిక్ష నౌకలో బతికే మనుషుల కథ అది. అందులో ఇంజనీరు యశోద అంటే అతనికి ప్రాణం. పానా పట్టుకుని ఇంజను కిందికి దూరే ఆ నడివయసు మనిషి ఏం చేసిందో మరునాడు షెడ్డులో పక్క సాంచాల బాలమల్లుకు చెబితేగాని అతనికి తోచేది కాదు. సీరియల్ నిరుడు అయిపోయింది. ఇప్పుడు యశోద పడుచుతనంలో ఇంజనీరు ఎలా అయిందో బొమ్మల సినిమాలా తీసి ఈ ఆదివారం నుంచి వారానికొకసారి వేస్తున్నారు. ఆ బొమ్మలకు కదలిక ఇచ్చేవాళ్లలో రామచంద్రం కూతురు కావ్య ఒకతె. హైదరాబాద్ కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తుంది.

మొదటి ఎపిసోడ్ వస్తుంటే కావ్య టీవీని కాదు, తండ్రి ముఖాన్నే చూసింది. సగంలోనే అతని చూపు క్యాలెండర్ మీదికి పోయింది. ఆమె సౌండ్ పెంచింది. ఇంకా పెంచింది.

“గా రాకెట్ మా ఇంట్లకే దిగుతదా ఏందే!” గోడ అవతలి నుంచి పక్కింటి కిష్టవ్వ అరిచింది.

అయిపోయాక కావ్య తండ్రి ఎదురుగా వచ్చి అడిగింది. “ఎట్లున్నది బాపూ?”

“మస్తున్నది బిడ్డా.”

“యశోద వాళ్లమ్మతోని ఏమన్నది?”

రామచంద్రం తల గోక్కున్నాడు. “అన్నం పెట్టుమన్నది.”

తల్లిని విడిచి నౌక ఎక్కుతున్నానని యశోద ఏడ్చే సీను అది. కావ్య ముఖం ముడుచుకుని వంటింట్లోకి పోయింది.

“బాపు చూడనే లేదవ్వా. ఆర్నెల్లు గీసిన.”

తల్లి అనసూర్య ఉల్లిగడ్డ కోస్తూ తల ఎత్తలేదు. “చూసిండు. ఎట్ల సమజైతదే? నీ బొమ్మలు మాట్లాడుతున్నయా, నములుతున్నయి. మీ బాపు చెవులు సాంచాలల్లనే పాయె. సీరియల్ గుడ మనుషుల నోళ్లు చూసుకుంటనే ఇన్నడు.”

బాపుకు సరిగా వినపడదని కావ్యకు తెలుసు. వెనక నుంచి ఆయనతో ఎవరూ మాట్లాడరు. భుజం తట్టి, ఎదుటికి వచ్చి మాట్లాడతారు. తండ్రులందరితోనూ అలాగే మాట్లాడాలేమో అనుకుంది చిన్నప్పుడు. వైద్య శిబిరంలో ఇచ్చిన చెవి మిషను సాంచాల మోతనే ఇంకా పెద్దది చేస్తే, ఆయన దాన్ని అల్మారాలో పెట్టేశాడు. మూడో తరగతి చదువు తెర కింద పరుగెత్తే అక్షరాలను అందుకోదు. కానీ మూడేళ్ల కథంతా పెదవుల మీదనే చదివాడని ఆమెకెప్పుడూ తట్టలేదు.

సాంచాల మోతలో మాట్లాడుకోవడం అంతే. గొంతు ఉండదు, పెదవులే పెద్దగా కదులుతాయి. అదే షెడ్డులో నూలు కండెలు చుట్టిన అనసూర్య నాలుగు సాంచాల అవతలి నుంచి మొగుడితో కొట్లాడి గెలిచిన మనిషి.

మరునాడు కావ్య కంపెనీలో తన పైఅధికారి శ్రీహరికి ఫోన్ చేసి, బొమ్మల పెదవులు మాటకు తగ్గట్టు కదలాలంది.

“మన బొమ్మలకు గీసిపెట్టుకున్నవి ఏడు నోళ్లు కావ్యా. ఏ మాటైనా వాటితోనే సర్దాలి. ఎవరు చూస్తారు నోరు?”

“మా బాపు చూస్తడు సార్.”

శ్రీహరి పనుల పట్టిక చూసుకున్నాడు. “ఎనిమిదో ఎపిసోడ్‌లో ఇంజను గది సీను నీదే కదా? ఆ ఒక్క నిమిషం నీ ఇష్టం. తేదీ మాత్రం దాటొద్దు.”

ఆ నిమిషం కోసం కావ్య తల్లిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫోన్ పట్టుకుంది. అనసూర్య పట్టుచీర కట్టుకుని, పౌడర్ రాసుకుని వచ్చింది.

“నోరొక్కటే తీస్త అంటే పట్టుచీర ఎందుకే అవ్వా?”

“నోరు ఒక్కటే వస్తదా? ఎనుక నేను గుడ వస్త గద!”

యశోద మాటలను అనసూర్య గొంతు లేకుండా, షెడ్డులో మాట్లాడినట్టు పలికింది. కావ్య ఆ నోటిని ఆపి ఆపి చూస్తూ గీసింది. ‘ప’ దగ్గర పెదవులు కలిశాయి, ‘త’ దగ్గర నాలుక పళ్లను తాకింది. ఏడు నోళ్లు ఇరవై రెండయ్యాయి.

ఈలోగా ఆరు ఆదివారాలు గడిచాయి. రామచంద్రం ప్రతి వారం కూర్చున్నాడు, ప్రతి వారం “మంచిగున్నది బిడ్డా” అన్నాడు. కావ్య మళ్లీ ఏమీ అడగలేదు.

ఎనిమిదో ఆదివారం బాలమల్లు పిలవకుండానే వచ్చాడు. “మీ బాపు మూడేండ్లు కథ చెప్పి, ఇప్పుడు బంద్ వెట్టిండు బిడ్డా. అడిగితె నువ్వే చూసుకోపో అంటుండు. గందుకే వచ్చిన.”

అతని చెవులు కూడా సాంచాలకే పోయాయి. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కావ్య సీను సంగతి చెప్పలేదు. తలుపు దగ్గర నిలబడి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంది.

నౌక నడిదారిలో ఆగిపోయింది. పడుచు యశోద ఇంజను గదిలోకి దిగి, ముఖమంతా తెర మీదికి వచ్చేలా నిలబడి ఇంజనును తిట్టింది. “మొండిదానా, మూడు గ్రహాలు బాగానే దాటావు. ఇప్పుడేం పుట్టింది నీకు? పద, పైన పాపలు చలికి వణుకుతున్నారు.”

గోడకు ఆనుకున్న రామచంద్రం లేచి నిటారుగా కూర్చున్నాడు. అతని పెదవులు యశోద పెదవులతో పాటు కదిలాయి.

“హె! తిడితె నడుస్తదా? బెల్టు పట్టా జారింది, చూడుమను.”

“పట్టా కాదే, మోటర్ గరమైంది,” అన్నాడు బాలమల్లు. “గంత దూరం నడిపినంక ఆగదా?”

“నీ సాంచ అనుకున్నవా? అది రాకెట్!”

“రాకెట్‌కు మరి పట్టా ఎక్కడిదే?”

వంటింటి గుమ్మంలో అనసూర్య పిండి చేతులతో నవ్వుతూ నిలబడింది. నిమిషం అయిపోయింది. కెప్టెన్ వచ్చాడు, పాత ఏడు నోళ్లతో. రామచంద్రం రెండు క్షణాలు చూసి, మొదటిసారి కూతురి వైపు తిరిగి విసుక్కున్నాడు.

“గీనె ఏమంటుండు? ఖరాబు ఏందో దొరికిందా, లేదా?”

కావ్య వచ్చి టీవీ పక్కన వాళ్లకు ఎదురుగా కూర్చుంది. కెప్టెన్ మాటలు ఆమెకు కంఠస్థమే. గొంతు లేకుండా, పెదవులు పెద్దగా కదిలిస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

“ఇంక జర పెద్దగ తెరువు,” అంది అనసూర్య.

“జర పక్కకు జరుగు బిడ్డా, రాకెట్ కనవడుతలేదు,” అన్నాడు బాలమల్లు.

కావ్య జరిగింది. రామచంద్రం చూపు ఒకసారి తెర మీదికి, ఒకసారి ఆమె పెదవుల మీదికి పోయివస్తూ ఉంది.