అక్క తిట్టని రోజు

మా తమ్ముడికి జైలు శిక్ష పడ్డ దగ్గర్నుంచి నేను నెలనెలా వాణ్ణి చూడటానికి వెళ్తున్నాను. వెళ్ళిన ప్రతిసారీ తిట్టి వస్తున్నాను. ములాఖత్ గదిలో అద్దానికి ఇవతల మేము, అవతల వాళ్ళు, మాట్లాడుకోవడానికి అటొకటి ఇటొకటి ఫోన్లు. మిగతావాళ్ళందరూ రిసీవర్ అందుకోగానే కళ్ళు ఒత్తుకుంటారు. నేను మాత్రం జుట్టెందుకు కత్తిరించుకోలేదని మొదలుపెడతాను. పంటి నొప్పి సంగతి డాక్టరుకు చెప్పావా లేదా అని, వడ్రంగి షెడ్డులో పని నేర్పుతుంటే నేర్చుకోక ఆ కబుర్లేమిటని, ఊపిరి తీసుకోకుండా కడిగేస్తాను. వాడు తల వంచుకుని వింటాడు.

తిట్టించుకోవలసిన పనే చేశాడు మరి. తాగి లారీ నడిపి ఒక మనిషిని గుద్దాడు. ఆ మనిషి బతికాడు గానీ ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేడు. వాడు నా తమ్ముడే, ఆ తప్పు వాడిదే. ఈ రెండిట్లో ఏదీ నేను కాదనను.

నాన్న పోయాక మా పరుపుల దుకాణం నేనే నడుపుతున్నాను. దూది ఏకే యంత్రం ముందు నిలబడి మాట వినిపించాలంటే అరవాల్సిందే కాబట్టి నా గొంతు అలా తయారైందని అమ్మ అంటుంది. అది నిజం కాదు. యంత్రం కొనకముందు కూడా నేనింతే. తమ్ముడికి నడక వచ్చిన దగ్గర్నుంచి వాడి వెనకాల పరిగెత్తి తిట్టడమే నా ఉద్యోగం. అమ్మ మోకాళ్ళ నొప్పులతో అంత దూరం రాలేక, వాడితో చెప్పవలసిన ముద్దు మాటలన్నీ నాకు అప్పజెప్పి పంపుతుంది. అవి కూడా నా నోట్లోంచి తిట్లుగానే బయటికి వస్తాయి.

పోయిన నెల ములాఖత్ చివర్లో వాడు "ఇంక రాకక్కా" అన్నాడు. ఎందుకని అడుగుతుంటేనే రిసీవర్ పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు.

బస్సులో కూర్చున్నంతసేపూ కోపంతో ఊగిపోయాను. ఇంటికి వచ్చాక కోపం దిగి భయం పట్టుకుంది. తాగుడు అలవాటైన రోజుల్లో కూడా వాడు ముందు చేసిన పని, ఇంట్లోవాళ్ళని దూరం పెట్టడమే.

ఈ నెల మళ్ళీ వెళ్ళి, బయటి బెంచీ మీద నా పక్కన కూర్చున్న టీచరమ్మకు సంగతంతా చెప్పాను. ఆవిడ కొడుకు కూడా లోపలే ఉన్నాడు. రోజంతా అరుపులు వినేవాడికి నువ్వు కూడా వెళ్ళి అరిస్తే ఎలాగమ్మా అందావిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ. తిన్నావా, నిద్ర పడుతోందా అని నెమ్మదిగా అడగమంది. నా తిట్లకే వాడి మనసు విరిగిపోయిందేమో అనిపించింది. ఇవాళ నోరు జారితే వాడు నిజంగానే నా మొహం చూడటం మానేస్తాడని హడలిపోయాను. పిలుపు వచ్చేదాకా, తిన్నావా నాన్నా, తిన్నావా నాన్నా అని లోలోపల వల్లె వేసుకున్నాను.

అసలు వస్తాడో రాడో అనుకుంటూ అద్దం ముందు కూర్చున్నాను. వచ్చాడు. జుట్టు చెవుల మీదకి పడుతోంది. దవడ ఒక పక్క వాచి ఉంది. తిట్టు నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"బాగున్నావా నాన్నా?" అన్నాను. "తిన్నావా?"

వాడు రిసీవర్ని ఒకసారి చెవి దగ్గర్నుంచి తీసి చూశాడు. తిన్నానన్నాడు. నిద్ర పడుతోందా అని అడిగాను. వాడి మొహంలో రంగు మారింది. అమ్మ ఎలా ఉందన్నాడు. బాగుంది, నువ్వేం దిగులు పెట్టుకోకు అన్నాను. నా మెత్తదనానికి నాకే ఒళ్ళు జలదరించింది.

"నిజం చెప్పక్కా. అమ్మకేమైంది?"

ఏమీ కాలేదన్నాను. దుకాణం పోయిందా అన్నాడు. లేదన్నాను. నీకేమైనా జబ్బా అన్నాడు. తల అడ్డంగా ఊపి, వీలైనంత తియ్యగా నవ్వాను. ఆ నవ్వుతో వాడి పని అయిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"అర్థమైందిలే. నన్ను వదిలేసుకున్నారు."

"రావద్దన్నది నువ్వు కదరా. ఎందుకన్నావు మరి?"

అప్పుడు చెప్పాడు. పోయిన నెల నా చేతికి కట్టు చూశాడట. పరుపు కుట్టే దబ్బనం దిగిందని పోల్చుకున్నాడట. తనను చూడటానికి ఒక రోజు దుకాణం మూసి, ఆ రోజు పని పూర్తి చెయ్యడానికి రాత్రి నిద్ర మానుకుంటున్నానని, కునికిపాట్లు పడుతూ చేతిలో గుచ్చుకున్నానని వాడే కథ అల్లుకున్నాడు. అందుకని మహానుభావుడు త్యాగం చేశాడు.

ఇంక నా వల్ల కాలేదు.

"ఒరేయ్, అది అమ్మతో పోట్లాడుతూ కుడితే దిగిందిరా. నిద్ర మానడమూ లేదు, గిద్ర మానడమూ లేదు. నన్నొక మాట అడిగి ఏడవచ్చు కదా. దవడ అంత లావున వాచిపోయినా డాక్టరు దగ్గరికి పోవడానికి తీరిక లేదు గానీ, నా ఆరోగ్యం చూస్తాడట వీడు."

పక్క కుర్చీల వాళ్ళు తిరిగి చూశారు. రెండు కుర్చీల అవతల కొడుకుతో ఫోన్లో మాట్లాడుతున్న టీచరమ్మ నుదురు కొట్టుకుంది. వాడు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, భుజంతో కళ్ళు తుడుచుకుని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వాచిన దవడతోనే నవ్వాడు. రోజంతా లోపల అరుపులు వింటావు కదా, నేను కూడా అరిస్తే కష్టంగా ఉండదా అని అడిగాను.

"వాళ్ళు ఎవర్ని తిడుతున్నారో వాళ్ళకే తెలీదక్కా" అన్నాడు. "నువ్వు నన్ను తిడతావు."

ఇంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు. ఏడిస్తే వాడు మళ్ళీ హడలిపోతాడని వెంటనే జుట్టు సంగతి ఎత్తుకున్నాను. మధ్యలో వాడు, వచ్చే నెల వస్తావా అని అడిగాడు.

"రాక చస్తానా" అన్నాను.

అంతలో టైమైపోయి లైను ఆగిపోయింది. నేను చెప్పవలసింది ఇంకా చాలా ఉంది, వడ్రంగి షెడ్డు సంగతి అసలు ముట్టుకోనే లేదు. అందుకని ఆపలేదు. గార్డు వచ్చి భుజం తట్టేదాకా వాడు ఆ మూగ రిసీవర్ని చెవి దగ్గరే పెట్టుకుని, నేనన్న ప్రతి మాటకీ తల ఊపుతూ కూర్చున్నాడు.