అరుగు మీద బోణీ

నా చెయ్యి మంచిదని బజారంతా అనేది. నోరు మంచిది కాదని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే భద్రమ్మగారి కొట్టు కచేరీకి ఎక్కేది కాదు.

నేను దర్జీని, పేరు అంతోని. బెజవాడ పెద్ద బజారులో భద్రమ్మగారి చీరల కొట్టు ముందు నడుమెత్తు అరుగు ఉంది. ఆ అరుగు మూల పదిహేనేళ్ళుగా నా కుట్టుమిషను ఉంది. కాలువ దగ్గర పడవ దిగిన పల్లెటూరి ఆడవాళ్ళు ముందుగా ఆ అరుగు మీదే మూటలు దింపుకునేవారు. కూజాలో నీళ్ళు తాగి, పిల్లలకి పాలిచ్చి, అప్పుడు బేరాలకి బయలుదేరేవారు. పది కొట్లు తిరిగినా మూటలు మాత్రం మా దగ్గరే ఉండేవి. మూటలు ఉన్నచోటికి మనుషులు తిరిగి రాక తప్పదు కదా, వచ్చినవాళ్ళు భద్రమ్మగారి దగ్గర చీర కొనకుండా పోయేవారు కాదు.

ఆవిడ దేవాంగుల ఆడపడుచు. పెడనలో ఆవిడ తమ్ముళ్ళు నేసిన చీరలు బందరు కాలువ మీద పడవలో వచ్చేవి. భర్త రామలింగంగారు పోయాక ఆవిడే కొట్టులో కూర్చుంది. కానీ పొద్దున్నే మొదటి బేరం విధవ చేతి మీదుగా ఎవరు చేస్తారు? అందరూ పక్క కొట్లలో ఏదో ఒకటి కొని, మధ్యాహ్నం దాటాక ఇటు వచ్చేవారు. అప్పటికి సగం డబ్బు అక్కడే అయిపోయేది. ఆవిడ ఎవరినీ ఏమీ అనేది కాదు. గడప దగ్గర కూర్చుని చీరలు మడత విప్పి మళ్ళీ మడతపెట్టేది.

ఒకరోజు నాకు చూడబుద్ధి కాలేదు. చీరకీ చీరకీ మధ్య కత్తిరించగా మిగిలిన పేలికలు ఒక బుట్టలో ఉండేవి. జేబులోంచి ఒక రాగి కాని తీసి, "అమ్మగారూ, కానికి ఒక పేలిక ఇవ్వండి" అన్నాను. ఆవిడ నా ముఖం ఒకసారి చూసి, కాని కళ్ళకద్దుకుని, జానెడు పేలిక చేతిలో పెట్టింది. ఆరోజు సాయంత్రానికి పద్నాలుగు చీరలు అమ్ముడుపోయాయి. ఇక చూడండి, మర్నాటి నుంచి నేను కాని ఇచ్చేదాకా ఆవిడ గల్లాపెట్టె మూత తీస్తే ఒట్టు. యుద్ధంలో కానికి కూడా చిల్లు పడింది గాని నా బోణీకి పడలేదు. కొట్టు తెరిచిన ఏ రోజూ నేను తప్పలేదు.

అరుగు మీద కూర్చున్నందుకు మాత్రం ఆవిడ నా దగ్గర ఎన్నడూ ఏమీ తీసుకోలేదు. రామలింగంగారి రోజుల్లోనూ అంతే. అరుగు మీద దర్జీ ఉంటే కొట్టుకి నిండుగా ఉంటుందని ఆయన అనేవారు.

యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చింది, గుడ్డల మీద కంట్రోలు ఎత్తేశారు. బజారు కొత్త పెళ్ళికొడుకులా తయారవడం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్న పప్పుల కొట్టు పోయి రేడియోల షాపు వచ్చింది. కంసాలి ఇల్లు పోయి పాలరాయి బల్లల కాఫీ హోటలు వచ్చింది. మా వరసలో ఐదిళ్ళూ వెంకటకృష్ణారావుగారివే. తండ్రి పోయాక ఆయన మద్రాసు నుంచి వచ్చి, ఐదిళ్ళూ కలిపి అద్దాల తలుపులతో ఒకే పెద్ద బట్టల షాపు పెడతానన్నాడు. నలుగురు డబ్బు పుచ్చుకుని ఖాళీ చేశారు. భద్రమ్మగారు చెయ్యలేదు.

"ఎంత కావాలో చెప్పండి" అన్నాడాయన.

"నాకు డబ్బొద్దు బాబూ, నా గడప కావాలి. మీ నాన్నగారికి అద్దె ఒక్క నెల తప్పలేదు, మీకూ తప్పను" అందావిడ.

కొత్తగా అద్దెల చట్టం ఒకటి వచ్చింది. అద్దె సరిగ్గా కట్టేవాళ్ళని ఊరికే వెళ్ళగొట్టడానికి వీల్లేదు. అయితే అందులో ఒక మెలిక ఉంది. అద్దెకి తీసుకున్నవాళ్ళు యజమానిని అడక్కుండా అందులో కొంత ఇంకొకరికి అద్దెకిస్తే వెళ్ళగొట్టవచ్చు. ఆ సంగతి నాకేం తెలుసు?

ఒక సాయంత్రం వెంకటకృష్ణారావుగారు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని అరుగు దగ్గరికి వచ్చాడు. సిల్కు లాల్చీ కుట్టాలని కొలతలిచ్చాడు. ఇచ్చి, నవ్వుతూ, "ఏమోయ్ అంతోనీ, ఇన్నేళ్ళుగా ఇక్కడ కూర్చుంటున్నావు. ఆవిడకి ఏమన్నా ముట్టచెబుతావా లేదా?" అన్నాడు.

చెయ్యి గొప్పదని చెప్పుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరుకుతుందా? "అయ్యో, చెప్పకపోవడమేంటండి. పొద్దున్నే నా చేతి కాని పడందే ఆవిడ గల్లా ముట్టుకోదు. పదకొండేళ్ళయింది, ఒక్క రోజు తప్పలేదు. కావాలంటే బజారంతా అడగండి" అన్నాను.

ఆయన పెద్దమనుషుల వంక చూశాడు. వాళ్ళు తల ఊపారు. పది రోజుల తర్వాత భద్రమ్మగారికి నోటీసు వచ్చింది. అరుగుని దర్జీ అంతోనికి రోజుకి కాని చొప్పున అద్దెకిచ్చిందని, ఆ మాట అంతోనే సాక్షుల ముందు ఒప్పుకున్నాడని అందులో ఉంది.

నోటీసు చదివించుకుని విన్నప్పుడు నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. పైగా అదే రోజు ఆయన మనిషి వచ్చి, కచేరీలో అదే మాట చెబితే కొత్త షాపులో కరెంటు దీపం కింద మూల ఇస్తామన్నాడు. వాణ్ణి పొమ్మన్నాను. మర్నాడు తెల్లవారుతూనే వెళ్ళి మిషను మీద గుడ్డ కప్పి, తాడు కట్టి, నెత్తికెత్తుకోబోయాను. నేను లేకపోతే గొడవే ఉండదనుకున్నాను.

భద్రమ్మగారు వచ్చి మిషను పలక మీద చెయ్యి వేసింది. "ఎక్కడికి?"

"నా నోటి వల్లే కదండీ ఇదంతా. నేను వెళ్ళిపోతే మీ కొట్టు మీకుంటుంది."

"నువ్వు వెళ్ళిపోతే తప్పు చేశామని మనమే ఒప్పుకున్నట్టు. తాడు విప్పు." అక్కడే నిలబడి తాడు విప్పేదాకా కదల్లేదు. తర్వాత చెయ్యి చాపింది. "బోణీ ఇవ్వు."

"అమ్మగారూ, ఇప్పుడు కూడానా? అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నిన్నటిదాకా బోణీ అయింది ఇవాళ నేరం ఎలా అవుద్ది?"

కేసు నడిచిన మూడు నెలలూ బజారులో ప్రతివాడూ ఆ కాని మానెయ్యమని చెప్పినవాడే. ఆవిడ మానలేదు. ఇదివరకు గడప లోపల పుచ్చుకునేది, ఇప్పుడు అరుగు మీదికి వచ్చి నలుగురిలో పుచ్చుకునేది. ప్లీడరుని పెట్టుకోమంటే, "బోణీ సంగతి నాకన్నా వాడికేం తెలుసు?" అనేది. పక్కనున్న నాలుగిళ్ళ అరుగులూ పలుగులతో పగలగొడుతుంటే ఆ దెబ్బలకి నా మిషను అదిరేది. ఆవిడ గెలుస్తుందని నేను నమ్మలేదు.

ఆ మాట మా ఆవిడ మార్తతో అన్నాను. మార్త అన్నం వడ్డిస్తూ, "కానికి పేలిక ఇచ్చేదని చెప్పావా?" అంది.

"చెప్పాలి. ఎవరు నమ్ముతారు? పేలికలు ఏవని అడుగుతారు."

మార్త గరిటె పట్టుకుని నన్నే చూసింది. "పిల్లలు దేని మీద పడుకున్నారయ్యా?" అంది.

నేను చాప మీద చూశాను. నిజం చెబుతున్నాను, పదకొండేళ్ళు ఆ పేలికలు తెచ్చి ఇంట్లో పడేశాను గాని అవి ఏమయ్యాయో ఒక్కరోజు ఆలోచించలేదు. మార్త వాటితో బొంతలు కుట్టింది. వారానికి ఒక వరస. ఆదివారం బజారుకి సెలవు, నేను చర్చిలో పూజకి పోతాను, కాబట్టి వరసకి ఆరు పేలికలు. అలా ఏడాది వరసలు కలిపితే ఒక బొంత. ఇంట్లో పదకొండు బొంతలున్నాయి.

వాయిదా నాడు రిక్షాలో ఆ బొంతలన్నీ వేసుకుని కచేరీకి వెళ్ళాం. రిక్షావాడు ఆస్పత్రికా అని అడిగాడు.

అద్దెల ఆఫీసరుగారు కళ్ళజోడు మీదుగా చూసే మనిషి. వెంకటకృష్ణారావుగారి తరఫు ప్లీడరు మల్లేశ్వరరావుగారు లేచి, నా మాటే నా మెడకి చుట్టారు. "రోజూ ఇచ్చానని ఇతనే చెప్పాడండి. రోజూ ఇచ్చేది అద్దె కాకపోతే మరేమిటి?"

"బోణీ అండి" అన్నాను. "కానికి పేలిక కొన్నాను." మార్త బొంతలు ఒక్కొక్కటే నేల మీద పరిచింది. కచేరీలో నడవడానికి చోటు లేకుండా పోయింది. పసుపూ, ఎరుపూ, ముదురాకుపచ్చా, నేను మరిచిపోయిన చీరల అంచులన్నీ కాళ్ళ ముందు పడ్డాయి.

మల్లేశ్వరరావుగారు వాటివంక చూసి నవ్వారు. "ఇవి అద్దె ముట్టినట్టు ఇచ్చిన రసీదులే అనుకోవచ్చు కదండీ."

"రసీదులైతే పెట్టెలో దాచుకుంటాం బాబూ" అంది మార్త. "పిల్లల కింద వెయ్యం."

ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి వచ్చి బొంతల మీదికి వంగారు. "మధ్యమధ్య ఈ నల్లముక్కలేమిటమ్మా? నాలుగైదు వరసలకి ఒకటి ఉంది."

"అవి అమావాస్యలండి. అమావాస్యనాడు అమ్మగారి పుట్టింటివాళ్ళు మగ్గం ముట్టరు, ఆవిడ కొట్టు తియ్యదు. ఆరోజు పేలిక ఉండదు కదా, వరస నిండదని ప్లీడర్ల కోట్లు కుట్టగా మిగిలిన ముక్క వేశాను."

ఆఫీసరుగారు నావైపు తిరిగారు. "అమావాస్యనాడు నువ్వు అరుగు మీద కూర్చుంటావా?"

"కూర్చుంటానండి. అరుక్కి తలుపు లేదుగా."

"రోజంతా కుడతావా?"

"కుడతానండి. ఇంకా ఎక్కువే కుడతాను, కూర్చుని మాట్లాడే బేరగాళ్ళు ఉండరు."

"ఆరోజు కాని ఇస్తావా?"

"కొట్టు మూస్తే బోణీ ఎవరికిస్తానండి?"

నేనన్నదాంట్లో ఏముందో నాకు తెలియలేదు. మల్లేశ్వరరావుగారికి మాత్రం తెలిసింది. ఆయన కూర్చున్నారు. ఆఫీసరుగారు తన కుర్చీలోకి వెళ్ళి, "అరుగుకి అద్దె అయితే అరుగు వాడుకున్న ప్రతిరోజూ ఇవ్వాలి. ఇతను కొట్టు తెరిచిన రోజే ఇచ్చాడు, ఇచ్చిన ప్రతిసారీ సరుకు పుచ్చుకున్నాడు" అని చెబుతూ గుమాస్తా చేత రాయించారు. వెంకటకృష్ణారావుగారి దరఖాస్తు కొట్టేశారు. భద్రమ్మగారు చేతులు జోడించి దణ్ణం పెట్టింది. తర్వాత వంగి, చివరి బొంతలో ఒక పేలిక మీద వేలు పెట్టి, "ఇది మా ఆయన ఆఖరుసారి తెచ్చిన సరుకులోది. ఆ చీర అమ్ముడుపోక అంతకాలం ఉండిపోయింది" అంది. పదకొండేళ్ళలో ఆవిడ కళ్ళనీళ్ళు నేను చూడటం అదే మొదలు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

ఆర్నెల్లకి కొత్త షాపు లేచింది. నాలుగిళ్ళే అయినా దర్జాకి తక్కువేం లేదు. అద్దాల తలుపులు, కుర్చీలు, పట్టపగలు కూడా వెలిగే కరెంటు దీపాలు, బేరమాడరాదని బోర్డు. వీధి వీధంతా అరుగులు పోయి నున్నగా ఉంటే, మా అరుగు ఒక్కటే పొడుచుకొచ్చిన పన్నులా ముందుకుండేది. సన్నాయి మేళంతో షాపు తెరిచారు. పట్నంవాళ్ళు వచ్చి దీపాలు చూసి, ధరలు చూసి వెళ్ళిపోయారు. పల్లెటూరివాళ్ళు అద్దంలో తమ దుమ్ముకాళ్ళు చూసుకుని, మూటలు ఎక్కడ దింపాలో తెలియక, మా అరుగు మీదికే వచ్చి దింపారు. రెండు రోజులు అక్కడ బోణీ కాలేదు.

మూడో రోజు పొద్దున నేను భద్రమ్మగారికి కాని ఇచ్చి మిషను దగ్గర కూర్చున్నాను. వెంకటకృష్ణారావుగారు తనే నడిచి వచ్చాడు. మనిషిని పంపలేదు. అరుగు కింద నిలబడి, భద్రమ్మగారి వంక చూడకుండా, "అంతోనీ, ఒకసారి మా షాపుకి వస్తావా? నీ చేత్తో బోణీ చేద్దువుగాని" అన్నాడు.

నాకు నోటిదాకా చాలా మాటలు వచ్చాయి. ఒకసారి నోరు జారి పడిన పాట్లు గుర్తొచ్చి భద్రమ్మగారి వంక చూశాను. ఆవిడ చీర మడతపెడుతూనే ఉంది.

"వెళ్ళిరా, వ్యాపారం చేసుకునే మనిషి అడిగితే కాదనకూడదు. కాని ఇచ్చాక పేలిక అడిగి తెచ్చుకో. లేకపోతే అద్దె అవుద్ది" అంది.

ఆయన మెడ ఎర్రబడింది, కానీ కదల్లేదు. నేను వెంట వెళ్ళాను. చిల్లుకాని అద్దాల బల్ల మీద పెట్టి, అందరి ముందూ చెయ్యి చాపి నిలబడ్డాను. అరగజం తీసుకోమన్నాడు. కానికి ఎంత వస్తే అంతే చాలన్నాను. పనివాళ్ళు చూస్తుండగా ఆయనే కత్తెర తీసి, మిల్లు గుడ్డ తాను కొసన వంకరటింకరగా జానెడు ముక్క కత్తిరించి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం ఆ ముక్క మార్తకిచ్చి సంగతి చెప్పాను. ఆ వారం వరసలో అది ఏడో పేలిక, పట్టలేదు. మార్త రెండుసార్లు తిప్పి చూసి, వంకరలు కత్తిరించి, బొంతకి కాళ్ళ వైపు కుట్టింది.