నూనె రాయని ఆరు రోజులు

మా ఆయన నడుముకి వేలాడే కత్తి నేను కొన్నది కాదు. ఆయన వదిన సుగుణక్క ఇచ్చింది. మా పెళ్ళికి ముందే, రాజోలు దగ్గర వాళ్ళ పుట్టింటి ఊళ్ళో కమ్మరి చేత లారీ కమాను పట్టా సాగగొట్టించి, తోలు ఒర కుట్టించి తెచ్చి మరిది ముందు పెట్టిందట.

కాట్రేనికోనలో మా రొయ్యల చెరువుల మీద ఆయనకి ఆ కత్తి లేనిదే గడవదు. మేత బస్తా విప్పాలన్నా, నీళ్ళు చిలికే ఏరేటరుకి చుట్టుకున్న తాడు కోయాలన్నా, దాహమేసి బొండం చెక్కుకోవాలన్నా అదే. ఎవరైనా బాగుందంటే "మా వదిన ఇచ్చిందండి" అంటారు. ఏడేళ్ళుగా వింటున్నాను. ఒక్కసారి కూడా మామూలుగా వినలేకపోయాను.

ఈ ఏడు ఆయన పుట్టినరోజుకి నేనూ ఒక కత్తి తెప్పించాను. పదిహేను రోజులు ఫోనులో చదివి చదివి ఎంచిన స్టెయిన్‌లెస్ స్టీలుది. జానెడు బ్లేడు, ఆ ఉక్కే పిడి చివరిదాకా వచ్చింది. ఉప్పునీటికి తుప్పు పట్టదు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి చాలా బాగుందన్నారు. రెండు రోజులు నడుముకి పెట్టుకున్నారు. మూడో రోజు మళ్ళీ పాతదే. చెరువు గట్టున నూరితే నీ కత్తికి పదును రావడం లేదు శాంతీ, అన్నారు. నా కత్తి బీరువాలో చేరింది.

మాట మీద నమ్మే మనిషిని కాదు నేను. ఆయన ఇంట్లో లేని ఒక మధ్యాహ్నం రెండు కత్తులూ పెరట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మర్నాటిదాకా పొరుగూరు వెళ్ళడంతో పాతదీ ఇంట్లోనే ఉంది. ఒకే నైలాను తాడు, ఒకే కొబ్బరి తాడు. మొదట రెండూ సమానంగానే కోశాయి. రెండూ మొద్దుబారేదాకా కోసి, సానరాయి మీద పెట్టాను. అక్క కత్తి ఇరవై రుద్దులకి పదును పట్టింది. నాది యాభైకి కూడా రాయి మీద జారుతూనే ఉంది. మంచి రాయి ఉంటే వచ్చేదేమో, చెరువు గట్టున మంచి రాయి ఎక్కణ్ణుంచి వస్తుంది? తర్వాత సీసాలో పట్టి ఉంచుకున్న చెరువు నీళ్ళు రెండింటి మీదా చల్లి మర్నాటిదాకా వదిలేశాను. నాది అద్దంలా ఉంది. ఆవిడదాని మీద గోధుమరంగు చుక్కలు.

ఆ చుక్కలు చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఎందుకంటే ఆ కత్తిని రోజూ తుడిచేది నేనే. ఆయన రాగానే ఒర విప్పి గూట్లో పెడతారు. నేను మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి పెడతాను. పెళ్ళైన కొత్తలో అత్తగారు చెప్పిన పని, అలా సాగిపోయింది. తోడికోడలి కత్తికి ఏడేళ్ళు నూనె రాశాను. ఆ రోజు చుక్కలు తుడిచేశాను గాని, మర్నాటినుంచి నూనె రాయడం మానేశాను.

ఏడో రోజు పొద్దున్న ఆయన ఒరలోంచి లాగితే కత్తి సగంలో పట్టేసింది. నా కత్తి నడుముకి పెట్టుకుని, పాతది గుడ్డలో చుట్టుకుని బండెక్కారు. నా కత్తి వెళ్తోందని గుమ్మంలో నిలబడి చూశాను. బండి రెండిళ్ళ అవతల సుగుణక్క వాకిట్లో ఆగింది. ఈ సంగతి నేను లెక్కలో వేసుకోలేదు.

సాయంత్రం దాకా ఓర్చుకుని వెళ్ళాను. అక్క పెరట్లో పీట మీద కూర్చుని, చింతపండుతో ఇటుకపొడితో కత్తి తోముతోంది. వేళ్ళు ఎర్రబడ్డాయి. అంత శ్రద్ధ చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"రా శాంతీ. నూనె రాయడం మానేసేవా?" అంది తల ఎత్తకుండా.

నేనే రాస్తానని ఆవిడకి తెలుసని నాకు తెలియదు.

"మర్చిపోయేనండక్కా."

"ఏడేళ్ళు మర్చిపోనిదానివి." నీళ్ళు పోసి కడిగింది. "అప్పుడు రెండు చేయించేనమ్మా, ఒకే పట్టాలోంచి. ఒకటి మా మరిది బాబ్జీకి, ఒకటి మీ బావగారికి. ఈయన తుడవరు. ఈయన కత్తికి నేను నూనె రాయడవేంటని నేనూ రాయలేదు. రెండేళ్ళలో పొట్టు పొట్టుగా రాలిపోయింది. బాబ్జీ నడుముకి ఇది చూసినప్పుడల్లా, ఇచ్చినదాన్ని నేనే అయినా, కుళ్ళుగా ఉండేది."

"నా మీదా అక్కా?"

"ఆయ్, నీ మీదే. మరి ఇంకెవరి మీద?"

కత్తి చేతికివ్వకూడదు గనక గట్టు మీద పెట్టింది. నేను తీసుకున్నాను. తుప్పు తిన్నచోట సన్నటి గుంటలు మిగిలిపోయాయి. ఎంత తోమినా అవి పోవని ఇద్దరికీ తెలుసు. ఎందుకు మానేశానో ఆవిడ అడగలేదు.

మర్నాడు పొద్దున్న రెండు కత్తులూ బల్ల మీద పెట్టాను. ఆయన చెయ్యి చాపి ఆగారు.

"ఏది తీసుకెళ్ళమంటావ్?"

ఏడేళ్ళలో నన్ను అడగడం అదే మొదలు. నాదే అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కాని ఆ తాళ్ళ మధ్య, ఆ రాయి మీద ఏది పనికొస్తుందో నా చేతులతో నేనే చూశాను.

"అక్కదే తీసుకెళ్ళండి. గూట్లో పెట్టకండి, రాగానే నాకు చెప్పండి, నూనె రాస్తాను."

కత్తి నడుముకి కట్టుకుని బండెక్కారు. సుగుణక్క వాకిట్లో ముగ్గు వేస్తోంది. బండి దాటుతుంటే లేచి నిలబడింది. ఆవిడ చూపు ఆయన నడుము దగ్గర ఆగి, అక్కణ్ణుంచి రెండిళ్ళ ఇవతల నా దగ్గరికి వచ్చింది. నేను గుమ్మంలోనే ఉండిపోయాను, ఈసారి ఆ కత్తి పంపింది నేనేనని ఆవిడకి తెలియాలనే, ఆవిడ తల తిప్పుకునేదాకా.