ముప్పై ఆరు స్పోకులు

మర్గిలాన్ ఊళ్లో ఇంటింటికీ సైకిలు మీద తిరిగి ఇంజెక్షన్లు వేసే నర్సు జుల్ఖుమార్‌ది నూటపాతిక కిలోల ఒళ్లు. ఆ ఉదయం వెనక చక్రం మళ్లీ వంకరపోయి, ఆమెను నడివీధిలో పడేసింది. ఏడాదిలో ఇది మూడో చక్రం. దోక్కుపోయిన మోచేత్తోనే బజారుకు నడిచి, ఆ చక్రాన్ని సైకిలు సామాన్లమ్మే హమ్దాం కొట్లో బల్ల మీద ధన్‌మని పడేసింది.

"చక్రాన్నంటే ఏం లాభం అక్కా? రొట్టెలు తగ్గించు," అన్నాడు హమ్దాం. కొట్టు ముందు టీ తాగుతున్నవాళ్లు పగలబడి నవ్వారు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "నేను తినే రొట్టె మీ ఇంట్లోంచి తెచ్చుకున్నానా? నా బరువు నీ కళ్లకి కనబడలేదా? మూడుసార్లూ ఇరవై నాలుగు స్పోకులదే అంటగట్టావు. అవీ దారాల్లాగున్నాయి!"

"తేలిగ్గా ఉంటుందని..."

"తేలికది నీకుంచుకో. నాకు ముప్పై ఆరు స్పోకులది కావాలి. రెండు పొరల రిమ్ము, వెడల్పు టైరు."

"అవి బస్తాలు మోసే బళ్లకక్కా."

"అంటే బస్తాకి గట్టి చక్రం, మనిషికి డొక్కుదీనా?"

హమ్దాం లోపలికెళ్లి గట్టి చక్రం తెచ్చాడు. ఆమె స్పోకులను రెండేసి చొప్పున వేళ్లతో నొక్కి చూసింది. మూడు వదులుగా ఉన్నాయి. అందరి ముందూ వాటిని బిగించాకే డబ్బిచ్చింది.

సైకిలుకి బిగించాక చక్రం నిక్షేపంగా నడిచింది. కోపం మాత్రం దిగలేదు. మొదటి ఇంట్లో సూది పట్టుకుని మళ్లీ కింద పెట్టేసింది. ముసలమ్మ మంచం పక్కన కాసేపు కూర్చుని, కోపం చల్లారాకే ఇంజెక్షన్ వేసింది.